లోపలికి రాకుండా బయటికి వెళ్ళడమెలా?

అడగనిదే అమ్మయినా పెట్టదని పెద్దలన్నారు. పాపం, వాళ్ళ కాలంలో సాఫ్ట్‌వేర్ లేదు! ఉండి ఉంటే ఆ మాట వెనక్కి తీసుకునేవారు. ఎవరూ అడగనివి పది పెట్టి, అడిగినదొక్కటీ మరిచిపోయి, 'విజయవంతంగా పూర్తయింది' అని పచ్చటి అక్షరాలతో పలకరించేది ఈ లోకంలో అదొక్కటే కదా.

అందుచేత పాఠక మహాశయులారా, ఇవాళ ఒక సత్యం మనవి చేసుకుంటున్నాను. సాఫ్ట్‌వేర్ తయారుచేసే ముందు ఎవరికి ఏం కావాలో కాగితం మీద రాసుకుంటారు. ఆ రాసినది నిజమేనా, అందులో ఏమైనా వదిలేశామా అని సరిచూసుకోవాలని కొందరు చాదస్తులు అంటూంటారు. అంతకంటే దండగమారి పని ఇంకోటి లేదంటాను నేను! చదవకుండా సంతకం పెట్టడమే నాగరికత. చదవడమంటే తోటివాణ్ణి అనుమానించడం. అనుమానం పెనుభూతమని మీకు వేరే చెప్పాలా?

ఒప్పుకోరా? అయితే వినండి. ఒకచోట సిటీ బస్సుల కోసం ప్రోగ్రాము రాయించారు. 'బస్సు వేళకు స్టాపు దగ్గరికి రావాలి' అని కాగితంలో ఉంది. ఆగాలని లేదు. బస్సులన్నీ నిమిషం తేడా లేకుండా వచ్చాయి, నిమిషం తేడా లేకుండా వెళ్ళిపోయాయి. వాటి వెనక పరుగెత్తి పరుగెత్తి ఊరందరి పొట్టలూ కరిగాయి. ఏ డాక్టరు చేయించగలడండీ ఈ పని?

ఇంకోచోట లైబ్రరీ. 'పుస్తకం తీసుకున్నవారు పుస్తకం తిరిగివ్వాలి' అని రాశారు. అదే పుస్తకం అని రాయలేదు. జనం మంచివి ఇంట్లో ఉంచుకుని, అటకమీద చెదలు పట్టినవి తెచ్చి ఇచ్చారు. ఆరు నెలల్లో ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ చక్కని గ్రంథాలయం వెలిసింది. లైబ్రరీలో తప్ప!

ఇక ఒక బడిలో హాజరు ప్రోగ్రాముకి ఆదివారమంటే ఏమిటో ఎవరూ చెప్పలేదు. అది ప్రతి ఆదివారం హెడ్మాస్టరుకి ఫోను చేసి నాలుగు వందల మంది పిల్లలు ఏమయ్యారని నిలదీసేది. ఆయన బడికి వెళ్ళి ఖాళీ బెంచీలకు పాఠం చెప్పి, ఉద్యోగంలో చేరాక మొదటిసారి నిశ్శబ్దంగా కూర్చున్న క్లాసుని చూసి ఆనందబాష్పాలు రాల్చాడు. ముందే సరిచూసి ఉంటే ఆయనకి ఆ భాగ్యం దక్కేదా?

ఈ కళలో చెయ్యి తిరిగిన ఒక మహానుభావుడున్నాడు. ఆఫీసులో అందరూ ఆయన్ని ఓకేగారు అంటారు. చాటున కాదు, ఎదురుగానే అంటారు. ఆయన మురిసిపోతాడు కూడా.

ఓకేగారి ఉద్యోగమేమిటంటే, కస్టమరుకి ఏమేం కావాలో ఇంకెవరో రాసిన కాగితాల కట్టని చదివి, అందులో ఉన్నవన్నీ నిజమేనా, ఉండవలసినవన్నీ ఉన్నాయా అని తేల్చి, చివరి పేజీలో సంతకం పెట్టడం. ఆ పొడుగాటి బాధ్యతలో చివరి రెండు మాటల్నే ఆయన మొదటి నుంచీ శ్రద్ధగా నిర్వహిస్తూ వచ్చాడు.

అయితే ఆ ఆఫీసులో ఒక కట్టుబాటుంది. చదివినట్టు రుజువుగా ప్రతివాళ్ళూ ఒక్క కామెంటైనా రాయాలి. దానికీ ఓకేగారి దగ్గర మందుంది. రెండో పేజీ తెరిచి, నాలుగో వరసలో కామా లేకపోతే 'ఇక్కడ కామా ఉంటే బాగుంటుందేమో' అని రాస్తాడు. ఉంటే 'ఇక్కడ కామా అవసరమా?' అని రాస్తాడు. పదకొండేళ్ళుగా ఒకటే కామాని పెట్టిస్తూ, తీయిస్తూ ఆయన రెండు ప్రమోషన్లు సంపాదించాడు.

ఇంకో కట్టుబాటు ఇంతకంటే ఘనమైనది. కాగితాలు పంపించిన నలభై ఎనిమిది గంటల్లోగా ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అందరూ ఒప్పుకున్నట్టే! మౌనం అర్ధాంగీకారమని మనం అనుకుంటాం. ఆ ఆఫీసులో అది పూర్తి అంగీకారం. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు కుర్చీ ఎక్కడో చూపించక ముందే ఈ సూత్రం నేర్పుతారు.

ఇంతటి జ్ఞానికి ఇంట్లో మాత్రం సుఖం లేదు. ఎందుకంటే ఆయన భార్య బట్టలు కుడుతుంది. వీధి వీధంతా ఆవిణ్ణి టైలరమ్మ అంటుంది. ఇంటి ముందు గదే ఆవిడ దుకాణం. ఒక కోటు కుట్టాలంటే కొలతలు తీసుకోవడమే కాదు, అరగంట ప్రశ్నలు. కూర్చుంటే పొట్ట దగ్గర పడుతుందా? ఏ చేత్తో పని చేస్తారు? జేబులో ఏం పెట్టుకుంటారు, కళ్ళజోడా, స్క్రూడ్రైవరా? రాసుకున్నదంతా కస్టమరుకి మళ్ళీ చదివి వినిపిస్తుంది. ఇంతా చేసి ఒకసారి చెయ్యెత్తమంటుంది, వంగమంటుంది, అప్పుడు గానీ కత్తెర తియ్యదు.

ఇన్ని ప్రశ్నలు వేస్తే కస్టమర్లు పారిపోతారని ఓకేగారు నవ్వేవాడు. ఆవిడ నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉండేది కాబట్టి చాలాసార్లు జవాబు చెప్పేది కాదు. ఒక్కసారి మాత్రం సూదులు తీసి పక్కన పెట్టి చెప్పింది.

"గుడ్డ కత్తిరించాక అడిగితే ఏం లాభమండీ?"

వ్యాపార దక్షత లేని మనిషని ఓకేగారు జాలిపడ్డాడు.

ఇలా ఉండగా ఒక ప్రసూతి ఆసుపత్రి వాళ్ళు ఓకేగారి కంపెనీని పిలిచారు. వాళ్ళ బాధ చిన్నదే. వార్డుల్లో దుప్పట్లు మాయమవుతున్నాయి. చూడటానికి వచ్చేవాళ్ళు చేతులూపుకుంటూ వస్తున్నారు, చంకలో మూటతో వెళ్తున్నారు. కాబట్టి గేటు దగ్గర ఒక యంత్రం కావాలి. లోపలికి వచ్చే ప్రతి మనిషికీ, ప్రతి సంచికీ ఒక పట్టీ కట్టాలి. పట్టీ చూపిస్తేనే బయటికి వెళ్ళే తలుపు తెరుచుకోవాలి.

కొత్తగా కాగితాలు రాయడానికి ఎవరికి తీరిక? అంతకుముందు ఏడాది ఒక బియ్యం గోడౌను గేటుకి రాసినవి సిద్ధంగా ఉన్నాయి. కంప్యూటరులో 'బస్తా' అన్న మాట ఉన్నచోటల్లా 'పేషెంటు' అని మార్చమన్నారు. అది మూడు సెకన్లలో మార్చేసింది. నూట పన్నెండు పేజీలు! అందులో కొన్ని ఆణిముత్యాలు మీకోసం:

'పేషెంట్లను నేలమీద తడి తగలకుండా చెక్క పలకల మీద ఉంచవలెను.' 'పేషెంట్లను ఒకదానిపై ఒకటి ఎనిమిది వరసలకు మించి పేర్చరాదు.' 'లోపలికి రాని పేషెంటు బయటికి వెళ్ళరాదు.' 'పేషెంటు వచ్చినప్పటి బరువుకీ, వెళ్ళేటప్పటి బరువుకీ నాలుగు కిలోలకు మించి తేడా ఉన్నచో కారణం తెలుపువరకు గేటు తెరవరాదు.'

ఈ ఆఖరి నిబంధన కోసం గేటు కింద నేలలో ఒక పెద్ద ఇనప పలక కూడా బిగించారు. అది త్రాసు. ఆసుపత్రి వాళ్ళు అదెందుకో అడగలేదు. కొత్త యంత్రం కదా, అన్నీ ఉంటాయనుకున్నారు.

కాగితాలు సరిచూడటానికి మీటింగు పెట్టారు. ఇటు ఓకేగారూ, ఆయన మేనేజరూ, ఇంకో ముగ్గురూ. అటు ఆసుపత్రి ఆఫీసు నుంచి ఇద్దరు. వార్డు నుంచి కూడా ఒకరుండాలని నియమం ఉంది. డాక్టర్లకు ఖాళీ లేదు, నర్సులకు అసలే లేదు. అందుకని ముప్ఫై ఏళ్ళుగా అక్కడ పనిచేస్తున్న ఆయమ్మని కూర్చోబెట్టారు. బల్ల చివర, తలుపు పక్కన.

గంటసేపు గోడమీద బొమ్మలు చూపించారు. ఎవరికైనా సందేహాలున్నాయా అని మేనేజరు అడిగాడు. ఆ ప్రశ్న లేచి వెళ్ళిపోదామనడానికి గుర్తని గదిలో అందరికీ తెలుసు. ఒక్క ఆయమ్మకి తెలియదు.

"ఇక్కడ పుట్టినవాళ్ళ సంగతేంటి బాబూ? వాళ్ళు గేటులోంచి రారు కదా."

గదిలో ఉన్న ఏడుగురు పెద్దమనుషులూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ ఏడుగురూ ఏదో ఒక రోజు పుట్టినవాళ్ళేనని నేను వేరే చెప్పక్కర్లేదు. మేనేజరు చిరునవ్వు నవ్వి, చాలా మంచి ప్రశ్న అన్నాడు. ఆఫీసుల్లో మంచి ప్రశ్నకి జవాబు ఉండదు, పార్కింగ్ ఉంటుంది! తర్వాత చూద్దామనుకున్న ప్రశ్నలన్నీ చివరి పేజీలో 'పార్కింగ్' అన్న శీర్షిక కింద రాస్తారు. అక్కడ నిలిపిన బండిని ఎవరూ తిరిగి తీసుకెళ్ళిన దాఖలా లేదు.

ఆ ప్రశ్నని నూట పన్నెండో పేజీలో స్వహస్తాలతో రాసినవాడు ఓకేగారే. రాసి, రెండో పేజీలో కామా తీయించి, 'సమగ్రంగానూ, ఖచ్చితంగానూ ఉన్నది' అని సంతకం పెట్టి ఇంటికి వెళ్ళాడు. ఇంటి దగ్గర టైలరమ్మకి అప్పుడు ఆరో నెల.

యంత్రాన్ని పరీక్షించలేదా అంటారేమో. ఎందుకు పరీక్షించలేదు? మూడు వందల నలభై పరీక్షలు చేశారు, అన్నిట్లోనూ నెగ్గింది. కాగితంలో ఎవరూ పుట్టలేదు కాబట్టి పరీక్షలో కూడా ఎవరూ పుట్టలేదు. అంతే.

మూడు నెలలు తిరిగేసరికి గేటు సిద్ధమైంది. మరో పదిహేను రోజులకి టైలరమ్మకి నొప్పులొచ్చాయి. అదే ఆసుపత్రి, ఇంటికి దగ్గర కూడాను. వెళ్ళేటప్పుడు గేటు పలక ఆవిణ్ణి తూచి డెబ్బై ఒక్క కిలోలంది, చేతికి పట్టీ కట్టారు. మర్నాడు పొద్దున్న బంగారుబొమ్మలాంటి ఆడపిల్ల పుట్టింది. ఓకేగారు దాని వేళ్ళు లెక్కపెట్టాడు. పదీ ఉన్నాయి. జీవితంలో ఆయన ఒక విషయం సమగ్రంగా ఉందో లేదో సరిచూసింది అదే మొదలు.

మూడోరోజు డాక్టరమ్మ వచ్చి ఇంటికి వెళ్ళొచ్చంది. ఓకేగారు సంబరంగా సామాన్లు సర్దుతుంటే ఆయమ్మ వచ్చి, తోడున్న ఆయన అత్తగారిని పక్కకి పిలిచి, ఖాళీ సంచి తెచ్చారా అని అడిగింది. అత్తగారికి అర్థం కాలేదు. ఎందుకమ్మా అంది.

ఆయమ్మ వాళ్ళని తన గదికి తీసుకెళ్ళి తలుపు తెరిచింది. అందులో గోడవారగా ఇరవై మూడు సంచులున్నాయి. గుడ్డ సంచులు, ప్లాస్టిక్ సంచులు, చక్రాల పెట్టె ఒకటి.

విషయమేమిటంటే, కొత్త గేటు పిల్లల్ని బయటికి పోనివ్వడం లేదు. పిల్ల లోపలికి వచ్చిన దాఖలా దాని దగ్గర లేదు. రాసుకుందామంటే రాసుకోవలసింది బయటి గుమ్మం దగ్గర. అక్కడికి వెళ్ళాలంటే బయటికి వెళ్ళాలి. బయటికి వెళ్ళాలంటే లోపలికి వచ్చి ఉండాలి! మొదటిరోజు నలుగురు పిల్లలు ఇరుక్కుపోయారు. గార్డు తల పట్టుకున్నాడు. అప్పుడు ఆయమ్మే ఉపాయం కనిపెట్టింది. పిల్ల అమ్మమ్మో నాయనమ్మో బయటి నుంచి ఒక ఖాళీ సంచి తెస్తుంది. దానికి పట్టీ కడతారు. లోపలికొచ్చాక సంచి ఆయమ్మ గదిలో పడేసి, ఆ పట్టీ పిల్ల కాలికి కట్టి, తల్లి చేతుల్లో పెట్టి పంపించేస్తారు. గేటు లెక్కలో చేతిసంచి ఒకటి బయటికి వెళ్ళినట్టు. అలా పద్దెనిమిది రోజుల్లో ఇరవై మూడు చేతిసంచులు ఊళ్ళోకి వెళ్ళి హాయిగా పాలు తాగుతున్నాయి.

ఎంత గొప్ప ఉపాయం! ఓకేగారు అలవాటు చొప్పున ఓకే అనేశాడు. వార్డుకి తిరిగొచ్చి సంగతంతా చెప్పి, అత్తగారు సంచి తేవడానికి చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. అప్పుడు మంచం మీంచి టైలరమ్మ మాట్లాడింది.

"నా కూతురు సంచి కాదు. మనిషిగా వెళ్తేనే వెళ్తుంది. లేకపోతే ఇద్దరం ఇక్కడే ఉంటాం."

ఆవిడ మాట అంటే అన్నట్టే. పదకొండు మంది పెళ్ళికూతుళ్ళ తల్లులు బతిమాలినా చంక దగ్గర సరిపోని గౌను గుమ్మం దాటనివ్వని మనిషి. పిల్లని పక్కలో వేసుకుని అటు తిరిగి పడుకుంది.

ఓకేగారు వరండాలోకి వెళ్ళి మేనేజరుకి ఫోను చేశాడు. మేనేజరు ముందు శుభాకాంక్షలు చెప్పాడు. తర్వాత కాగితాలు తెరిచి చూసి, పిల్లలు పుట్టడమనేది ఒప్పుకున్నదాంట్లో లేదన్నాడు. అది కొత్త కోరిక కిందకి వస్తుంది, మీటింగులకే మూడు నెలలు పడుతుంది. ఓకేగారు కొంచెం గట్టిగానే అడిగాడు, ప్రసూతి ఆసుపత్రి కాగితాల్లో పుట్టుక లేదేమిటని. సమగ్రంగా ఉందని ఎవరో సంతకం పెట్టారే అన్నాడు మేనేజరు. ఎవరో చూసి, అయ్యో మీరేనండీ అన్నాడు.

ఓకేగారు వచ్చి మూడు నెలల మాట భార్యకి చెప్పాడు. ఆవిడ ఇటు తిరక్కుండానే, అప్పటికి పిల్ల బోర్లా పడుతుంది, ఇంకొన్నాళ్ళు ఆగితే తనే పాక్కుంటూ గేటు కింది నుంచి వెళ్తుందిలెండి అంది.

ఆ మధ్యాహ్నం ఓకేగారు వరండా బల్లమీద కూలబడ్డాడు. లోపల ఆయన కూతురుంది. మూడు రోజుల వయసు. ఆ పిల్ల ఈ లోకంలోకి రాలేదని చెప్పే కాగితం మీద తండ్రి సంతకం ఉంది. ఆయనకి సిగ్గనిపించింది. పదకొండేళ్ళలో కామాలకి ఎప్పుడూ సిగ్గుపడని మనిషికి, నిజంగానే తల ఎత్తబుద్ధి కాలేదు.

అటుగా దుప్పట్లు మోసుకుపోతున్న ఆయమ్మని పిలిచాడు. పక్కన కూర్చోమన్నాడు. డిశ్చార్జి కాగితం వెనక్కి తిప్పి, పెన్సిలు తీసి, ఇక్కడ పిల్లలు ఎలా పుడతారో, ఎలా వెళ్తారో మొత్తం చెప్పమన్నాడు. ఆయమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. ముప్ఫై ఏళ్ళలో ఆవిణ్ణి ఎవరూ ఏదీ అడగలేదు, నీళ్ళెక్కడున్నాయని తప్ప.

తీరా మొదలుపెట్టాక ఆపలేదు. కవలలుంటారు బాబూ, ఒకడు ఇవాళ పుడితే రెండోవాడు రేపటి తారీఖులో పుడతాడు. తల్లి ఇంటికెళ్ళాక కూడా అద్దాలపెట్టెలో ఉండిపోయే పిల్లలుంటారు. ఒకే పేరున్న తల్లులు పక్క పక్క మంచాల మీద ఉంటారు. మొన్న ఒకడు సరిగ్గా గేటు మీదే, కారు తలుపు తీస్తుండగా పుట్టాడు, మరి వాడు లోపలికొచ్చినట్టా, రానట్టా? ఓకేగారు రాస్తూనే ఉన్నాడు. కాగితం చాలక మందుల చీటీల వెనక రాశాడు. నలభై వరసలయ్యాక ఇంకేమైనా ఉందా అని అడిగాడు. ఆయమ్మ ఒళ్ళోని దుప్పటి మడత సవరించింది.

"ఒక్కోసారి చేతులూపుకుంటూ వెళ్ళేవాళ్ళుంటారు బాబూ. వాళ్ళకీ ఒక గడి పెట్టు. అక్కడ మాత్రం కారణం అడగొద్దను."

ఓకేగారు నలభై ఒకటో వరసగా అది రాశాడు. పక్కన కారణానికి చోటు వదల్లేదు.

తర్వాత, ఎవరు నేర్పారో తెలుసుగా, రాసిందంతా ఆయమ్మకి మళ్ళీ చదివి వినిపించాడు. ఆవిడ మూడుచోట్ల తప్పులు పట్టింది. దిద్దాడు. దిద్ది, ఆ సాయంత్రమే మీటింగులో కూర్చున్న పెద్దలందరికీ పంపించాడు.

ఇక్కడ పాఠకులు గుండె చిక్కబట్టుకోవాలి. తను కాక ఆరుగురు పెద్దలు! నలభై ఒక్క వరసలు! ఎన్ని అభ్యంతరాలు వస్తాయో, ఎన్ని మీటింగులు పడతాయో! ఓకేగారు ఆ రెండు రోజులూ ఫోను చేతిలోంచి దించలేదు. టైలరమ్మ మంచం మీద కూర్చుని పిల్లకి గౌను అంచు కుట్టుకుంది.

ఏమీ రాలేదు. ఎవరూ చదవలేదు! నలభై ఎనిమిదో గంట దాటగానే అందరూ ఒప్పుకున్నట్టయింది. ఒక్క మేనేజరు మాత్రం నాలుగో వరసలో కామా ఉంటే బాగుంటుందేమో అని రాశాడు.

చూశారా? నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది ఇదే. చదవకపోవడమనేది ఎంత ధర్మబుద్ధి గల అలవాటో గమనించండి! తప్పుడు కాగితాన్ని ఎంత ఆదరంగా పంపించిందో, మంచి కాగితాన్నీ అంతే ఆదరంగా పంపించింది. దానికి తరతమ భేదాల్లేవు. చదివేవాడైతే ఏదో ఒకదాన్ని ఆపేవాడు కాదూ?

ప్రోగ్రామరు మర్నాటి పొద్దున్నకల్లా మార్పులు చేసి పెట్టాడు. ఆరో రోజున అంతా గేటు దగ్గరికి బయల్దేరారు. ముందు అత్తగారు పిల్లనెత్తుకుని పలక మీద నిలబడింది. పిల్ల పట్టీ చూపించగానే తెరమీద 'ఇక్కడే పుట్టింది' అని వచ్చి, తలుపు తెరుచుకుంది. గార్డు చప్పట్లు కొట్టాడు. పిల్ల మనిషిగా బయటికి వెళ్ళింది. ఓకేగారికి కళ్ళు చెమర్చాయి. ఆయన కూడా బయటికి వెళ్ళి, పిల్ల పక్కన నిలబడి, భార్య కోసం తిరిగి చూశాడు.

టైలరమ్మ పలక మీద అడుగు పెట్టింది. గేటు గయ్యిమని అరిచింది.

'తరుగు: ఆరున్నర కిలోలు. కారణం ఎంచుకోండి. ఒకటి: తడి ఆరడం. రెండు: ఎలుకలు. మూడు: రవాణా.'

తలుపు కదల్లేదు. అంతవరకూ తల్లులందరూ సంచి పట్టీ కట్టిన పిల్లని ఎత్తుకునే పలక ఎక్కేవారు, కాబట్టి తరుగు నాలుగు కిలోల లోపు తేలేది, త్రాసు ఊరుకునేది. ఇప్పుడు పిల్ల మనిషైంది. మనిషి అన్నాక తన లెక్కలో తను వెళ్ళాలని ఓకేగారే రాశాడు. తల్లి ఒంటరిగా నిలబడింది.

బయట పిల్ల పాలకి ఏడుపు అందుకుంది. లోపల తల్లి. మధ్యలో తలుపు. ఓకేగారు ఆయమ్మ వైపు చూశాడు, ఈ సంగతి ముందే ఎందుకు చెప్పలేదన్నట్టు.

"నువ్వు పిల్లల సంగతే అడిగావు బాబూ. తల్లుల సంగతి అడగలేదు."

అని, ఆయమ్మ టైలరమ్మ భుజమ్మీద చెయ్యి వేసి, మూడోది నొక్కు తల్లీ, తొమ్మిది నెలలు మోశావు కదా అంది. టైలరమ్మ నొక్కింది. తలుపు తెరుచుకుంది. ఆసుపత్రి లెక్కల్లో ఆవిడ రవాణాలో పోయిన తరుగు కింద ఇప్పటికీ ఉంది.

ఇంటికి చేరి, పిల్ల నిద్రపోయాక ఆవిడ కుట్టుమిషను పక్క స్టూలు మీద చేరబడింది. నడుం పట్టేసింది. ఓకేగారు ఊయల దగ్గర కూర్చుని పిల్ల మొహమే చూస్తున్నాడు.

"దానికోసం నలభై ఒకటి అడిగారు. నన్ను ఒక్కటైనా అడిగారా?"

ఓకేగారి నోట్లోంచి ఓకే రాలేదు. లేచి, ఆవిడ నడుం వెనక దిండు పెట్టి, ఆవిడ కొలతల పుస్తకంలోనే ఒక కొత్త పేజీ తెరిచి, చెప్పమన్నాడు. ఆవిడ చెప్పింది. తల్లి కాళ్ళ కింది నుంచి ఆ త్రాసు తీసెయ్యాలి. గేటు దగ్గర ఒక కుర్చీ వెయ్యాలి. తల్లి వెళ్ళాకే పిల్ల, లేదా ఇద్దరూ కలిసి. వచ్చినవాళ్ళు పిల్ల ఎలా ఉందని అడిగే ముందు నువ్వెలా ఉన్నావని అడగాలి. ఇది సాఫ్ట్‌వేరులో ఎక్కడ పెట్టాలో ఓకేగారికి తెలియలేదు. అయినా రాశాడు. రాసి చదివి వినిపించాడు. ఆవిడ ఇంకా ఉంది, రాయండి అంది.

పాఠకులారా, ఒక నిక్షేపంలాంటి ఉద్యోగి ఇలా చేతులారా చెడిపోయాడు! ఇప్పుడు ఆయన ఆఫీసులో కాగితాలు చదువుతున్నాడు. చదివి ఊరుకోడు, లేచి ఆ పని చేసేవాళ్ళ దగ్గరికే వెళ్తాడు. బస్సు డ్రైవరు పక్కన కూర్చుంటాడు, లైబ్రరీలో దుమ్ము దులిపేవాణ్ణి మాటల్లో పెడతాడు. వాళ్ళు ఒకటి చెబితే "మరి?" అంటాడు. ఆఫీసులో పేరు కూడా మారిపోయింది, మరిగారు అంటున్నారు. సమీక్షకుల జాబితాలో ఎనిమిదో పేరుగా ఆయమ్మని చేర్చేదాకా ఆసుపత్రి కాగితాల మీద సంతకం పెట్టనని భీష్మించుకున్నాడు. మేనేజరుకి నిద్ర పట్టడం లేదు. రెండో పేజీలో కామా ఏ దిక్కూ లేక అల్లాడుతోంది.

ఇలాంటివాడు రేపు మీ ఆఫీసులోనూ దాపురించవచ్చు. జాగ్రత్త! ఏ కాగితం ఇచ్చినా చదవకండి, ఎవరినీ ఏదీ అడక్కండి, సంతకం పెట్టెయ్యండి.

అన్నట్టు, ఈ వ్యాసం మొదట్లో నేనొక సామెత చెప్పాను. మీరూ తల ఊపారు. ఆ రాత్రి టైలరమ్మ నాలుగుసార్లు లేచి పిల్లకి పాలిచ్చి, అడక్కుండానే మొగుడికి టీ ఇచ్చి, మళ్ళీ వచ్చి స్టూలు మీద కూర్చోవడం చూశాక నాకిప్పుడు ఒకటే అనుమానం. అడగనిదే అమ్మయినా పెట్టదని తేల్చిన ఆ పెద్దమనిషి, ఆ మాట అనేముందు ఏ అమ్మనైనా అడిగాడా? లేక ఆయనా ఓకే అనేశాడా?